తిప్పి పంపిన పిడకల బండి

ఆ ఫోటోలో నాయనమ్మ వెనకాల ఉన్నది గోడ కాదే లోర్నా, పిడకలు. సరిగ్గా చూడు, చూరుదాకా పేర్చి ఉన్నాయి. చెబుతాను గానీ, వరస తప్పుతానేమో, ముందే అంటున్నాను. రైలు ఆగింది ముందా, మా అమ్మ పుట్టింది ముందా అన్నది ఈమధ్య నాకు అటూ ఇటూ అయిపోతోంది. మొన్న ఉప్పుడబ్బా చేత్తో పట్టుకునే దానికోసం ఇల్లంతా వెతికాను. బుర్రలో ఉండగానే ఎవరికో ఒకరికి చెప్పేస్తే నయం. ఇలా కూర్చో, ఆ బంగాళాదుంపలు తర్వాత తరుగుదువుగాని.

ఆవిడ మా నాన్నను కన్నతల్లి, మీ తాతకీ నాకూ నాయనమ్మ. ఒటీలియా హాయ్‌పెల్. రష్యాలో నల్లసముద్రం పక్కన మన జర్మన్ల ఊళ్ళు ఉండేవి, అక్కణ్ణుంచి అమెరికాలో ఈ డకోటాకి వచ్చింది. ఇక్కడ చూస్తే మైదానం, చెట్టన్నది లేదు. కంచెకే కర్ర రైల్లో రావాలి, ఇక పొయ్యిలోకి ఎక్కడిది? అక్కడా అంతే కాబట్టి మనవాళ్ళకి పేడ కాల్చడం వచ్చు. మనకంటే ముందు ఈ నేల మీద బతికిన డకోటా తెగవాళ్ళూ అడవిదున్నల ఎండుపేడే కాల్చేవాళ్ళని నాయనమ్మ అంటూ ఉండేది. వేసవిలో కొట్టంలోని పేడా గడ్డీ గుంటలో పోసి, నీళ్ళు చల్లి, గుర్రాలచేత తొక్కించి, ఆఖర్న ఆడవాళ్ళు దిగి తొక్కి, పారతో ఇటుకల్లా కోసి ఎండబెట్టేవాళ్ళు. వాగు అవతల నార్వే వాళ్ళు. వాళ్ళది బొగ్గు, టౌనుకి రైల్లో వచ్చేది. వాళ్ళల్లో గన్‌హిల్డ్ బ్రెక్కె అని ఒకావిడ, మన వాకిలి ముందునుంచి బండిలో వెళితే చాలు, కొంగులాగా ఏప్రన్ ఎత్తి ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నవ్వకు, ఆవిడే తర్వాత మా అమ్మమ్మ అయింది. మనవాళ్ళూ తక్కువేం కాదులే. చలికాలం నార్వే మగాళ్ళు కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచుమీద జారుకుంటూ పోతుంటే, మా తాత, నాయనమ్మ మొగుడు, గుమ్మంలో నిలబడి, "గడ్డాలు నెరిశాయి, ఆటలు మాత్రం మానలేదు" అని వాళ్ళకి వినపడేలా అనేవాడట.

ఆ, బడి సంగతి చెప్పాలి. బడి ఇద్దరిదీ. పొయ్యిలోకి ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి తేవాలి. అక్టోబర్లో నాయనమ్మ ఒక బండెడు పిడకలు, విరిగినవన్నీ ఏరేసి మంచివి పంపింది. బడి పెద్ద సిగుర్డ్ బ్రెక్కె, గన్‌హిల్డ్ మొగుడు, పిల్లల బట్టలు కంపు కొడతాయని బండి తిప్పి పంపాడు. తాత మండిపడ్డాడు. నాయనమ్మ మాత్రం ఆ బండెడూ ఇంట్లోవాటిలో కలపకుండా దారిపక్కన విడిగా పేర్పించింది. అవి బడివి, ఎవరూ ముట్టుకోవద్దంది. వెర్రిదనుకున్నారు.

జనవరిలో పడింది చూడు మంచు. రైలు నెలరోజులు రాలేదు. మా అమ్మ పుట్టింది అప్పుడే, అవును, రైలు ఆగాకే. నార్వే వాళ్ళు కంచెలు కాల్చారు, బల్లలు కాల్చారు. ఒకరోజు పొద్దున్నే సిగుర్డ్ చెక్కల మీద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, గడ్డం నిండా మంచు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషు. "అమ్మా, పాప పుట్టి అయిదు రోజులైంది. ఇంట్లో ఇక ఉయ్యాలొక్కటే మిగిలింది. ఈ చెక్కలూ పొయ్యిలో పెట్టేవాణ్ణే, పెడితే మీ దగ్గరికి రాలేను" అన్నాడట.

నాయనమ్మ పార తీసుకుని దారిపక్కకి వెళ్ళి మంచు తవ్వింది. "ఇవి మీవే. అక్టోబర్లో తిప్పి పంపారే, ఆ బండి. అలాగే ఉంచాను" అంది. ఆయన తల ఎత్తలేదట. ఆవిడ అక్కడితో ఆగిందా, మిగతా ఇళ్ళ సంగతేమిటని అడిగింది. మొత్తం పధ్నాలుగిళ్ళన్నాడు. అప్పుడు తాత ఆవిణ్ణి లోపలికి పిలిచి, మన పిడకలు మనకే మార్చిదాకా సరిపోతాయి, మన పిల్లలు ఎనిమిదిమంది, వాళ్ళని చలికి చంపుతావా అన్నాడు. అదీ నిజమే కదా. ఆవిడ రెండో గది తలుపుకి దుప్పటి మేకులేసి కొట్టేసి, "అందరం ఒక్క పొయ్యి దగ్గర పడుకుంటే, ఇచ్చాక మిగిలినవే మార్చి దాటిస్తాయి" అంది. పేర్చిన పిడకల గోడ తనే పడగొట్టడం మొదలుపెట్టింది.

పిడకలు ఉన్నాయి, తీసుకెళ్ళడం ఎలా? గుర్రాలు పొట్టదాకా దిగబడిపోతున్నాయి. అప్పుడు పనికొచ్చాయి ఆ చెక్కలు. నార్వే మగాళ్ళు ఆరుగురు వచ్చి చక్రాల్లేని తెప్పల్లాంటి బళ్ళు తాళ్ళతో లాక్కుంటూ ఇల్లిల్లూ తిరిగారు. మా తాత కూడా చెక్కలు కట్టుకున్నాడు, ఏమనుకున్నావు? మొదటిరోజు పడ్డన్నిసార్లు జన్మలో పడి ఉండడు. ఎవరూ నవ్వలేదట, గన్‌హిల్డ్ తప్ప. పిడకలు మార్చి ఆఖరుదాకా వచ్చాయి. పధ్నాలుగిళ్ళలో, మన ఇంట్లోనూ, ఒక్క ప్రాణం పోలేదు. ఒక్కటంటే ఒక్కటి.

వేసవిలో మనవాళ్ళు గుంట తొక్కుతుంటే గన్‌హిల్డ్ వచ్చింది. గట్టుమీద కూర్చుని మేజోళ్ళు విప్పింది. నాయనమ్మ చెయ్యి అందించింది. ముక్కు మూసుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు, ఒకటి నాయనమ్మ పట్టుకుంది, ఇంకోదాంట్లో మా అమ్మ. అలాగే దిగింది. ఆ పాపనే ఇరవై ఏళ్ళకి మా నాన్నకిచ్చి చేశారు.

ఆ పధ్నాలుగిళ్ళూ నాయనమ్మ రొట్టెపిండి పిసుకుతూ వరసగా చెప్పేది. రాసుకో. బ్రెక్కె వాళ్ళు, లొకెన్ వాళ్ళు, ట్వెయిట్ వాళ్ళు, హౌగెన్లు ఇద్దరన్నదమ్ములు, అంటే రెండిళ్ళు... వేళ్ళమీద పదమూడే వస్తున్నాయి. పధ్నాలుగోది వాగు మలుపులో ఇల్లు. తలుపు నీలం. ముసలాయన, కూతురూ ఉండేవాళ్ళు. పేరు... చర్చి పుస్తకంలో ఉంటుంది, రేపు చూసి చెప్పు లోర్నా, మిగతావీ సరిచూడు. తలుపు రంగు గుర్తుంది, పేరు రావట్లేదు. ఆ ఒక్క ఇల్లూ నేను చలిలో వదిలేసినట్టుంది.