ఉత్తరం వైపు గోడ

హలో… ఆ, మారిట్‌నే. నంబరు చూసి కూడా ఎత్తాను, అదీ నా తప్పే. చెప్పు.

…

ఒరేయ్ లైల్, పొద్దున్నే తాగావా?

…

కాఫీ అయితే కాఫీయే అనుకో. హోటల్లో కూర్చుని, కాఫీ తాగుతూ, సొంత అక్కకి ఫోన్ చేసి ఎత్తిపొడవడం… ఓహో, నీకు వేరే పని లేదు కదా. మర్చిపోయాను. నేనేగా పనిలోంచి తీసేసింది.

…

నీ మేకుల గన్ నేనేం మింగెయ్యలేదు. షెడ్డులో ఉంది. నేను దిగాక వచ్చి పట్టుకెళ్ళు… ఫెర్రీలో ఉన్నా. రంగు డబ్బాల కోసం అవతలి ఒడ్డుకి వెళ్ళాను. ఇప్పుడే బయల్దేరింది… అవును, రెనాటా ఇంటికే రంగు. గోడలు నాలుగింటికీ బయట పలకలు కొట్టడం అయిపోయింది మరి. నీ బదులు ఇద్దరిని పెట్టుకున్నా, నోరు లేని మనుషులు, చకచకా చేశారు. మింగుడు పడటం లేదా?

…

నాన్న పేరెత్తకు. కంపెనీ నాన్న నాకిచ్చాడు, నేను లాక్కోలేదు. ఎందుకిచ్చాడో దీవి మొత్తానికీ తెలుసు, నీకు తప్ప.

…

అందరి ముందూ తీసేశాను, అవును! చాటుగా తీసేస్తే మర్నాడు చాటుగా వచ్చి మళ్ళీ చేరేవాడివి. రెనాటా నర్సు. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది. ఆవిడ పడకగది కిటికీ కిందే, నీళ్ళు చల్లకుండా, గోడకి కొట్టే సిమెంటు పలకలు కోసింది ఎవరు? ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో ఆవిడ చెప్పాలా నీకు? చెప్తే వినకుండా, "కిటికీ మూసుకుని పడుకో" అంటావా? ఇంకోసారి గేటు దగ్గర కనపడితే షెరిఫ్‌ని పిలుస్తానంది. నేనైతే పిలిచేసి ఆ తర్వాత చెప్పేదాన్ని.

…

ఏంటా నవ్వు?

…

నిన్నటి నుంచి ఎదురు చూశావా? ఈ ఫోన్ చెయ్యడానికా? ఎందుకూ?

…

ఉత్తరం వైపు గోడకేం? బ్రహ్మాండంగా ఉంది. దారం పట్టి చూసుకో. ఏ వరసా వంకర లేదు. కింద పలక మేకుల్ని పై పలక కప్పేస్తూ పోయింది, ఒక్క మేకు తల కనపడితే నా పేరు మార్చుకుంటా. నాన్న ఉంటే దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునే—

…

నీ ట్రక్కులో ఏముందీ?

…

ఏ టోపీ?

…

ఆగు. ఆగాగు. హీటర్ పొగ బయటికి పోయే గొట్టం… దాని మీద పెట్టే టోపీయా? కొత్తది? అది నీ దగ్గరెందుకుంది?

…

నెమ్మదిగా చెప్పు. వాన వస్తోందని… పాత టోపీ పీకేశావు. గొట్టాన్ని గోడకి సమంగా కోసేశావు. తడవకుండా తెల్ల షీటు దాని మీంచే చుట్టి టేపు వేశావు. మర్నాడు షీటు కోసి కొత్త టోపీ పెడదామనుకున్నావు. ఆ సాయంత్రమే నేను నిన్ను—

దేవుడా. నేను ఆ షీటు మీదే పలకలు కొట్టేశాను.

…

నవ్వకు.

…

తెలుసు! మధ్య పలక తియ్యాలంటే పైకొస నుంచి ఒక్కొక్కటీ ఊడదీసుకుంటూ రావాలని నాకు తెలుసు! గోడ పోతే పోనీ. నవ్వు ఆపి విను. రెనాటా ఇంట్లో ఉంది.

…

లేదు. చెల్లెలింట్లో ఉన్నది నిన్నటి దాకా. పని అయిపోయిందని నేనే చెప్పాను, పొద్దున డ్యూటీ దిగి ఇంటికే వెళ్ళింది. మెసేజ్ పెట్టింది. ఉండు… "ఇల్లు మంచుగడ్డలా ఉంది, హీటర్ పెట్టుకుని పడుకుంటున్నా. సుత్తుల మోత లేనందుకు సంతోషం." ఇంకోటి కూడా ఉంది. "తల పగిలిపోతోంది, ఇది మీ రంగు వాసనేనా?"

…

రంగు ఎక్కడిదిరా? ఇంకా వెయ్యనే లేదు! డబ్బాలు నా బండిలో ఉన్నాయి, కింద, ఈ పడవలో!

…

లేదు, జవాబివ్వలేదు. అలవాటైన సణుగుడే అనుకుని ఊరుకున్నాను.

…

ఏ కిటికీ తెరుస్తుంది? రంగు పడకూడదని కిటికీలన్నిటికీ బయట నుంచి ప్లాస్టిక్ కట్టేశాం. చుట్టూ టేపు. ఒక్క సందు లేదు… పొగకీ విషవాయువుకీ కూసే అలారం ఉండీ లేనట్టే. ధూళికి ఊరికే కూస్తోందని నా ముందే బ్యాటరీ తీసి సొరుగులో పడేసింది. హీటరేమో వాళ్ళ తాత కాలం నాటిది, పొగ పోకపోతే దానంతటది ఆగే రకం కాదు. ఆ పొగంతా ఇంట్లోనే ఉంది లైల్. వాసన కూడా రాదు దానికి.

అమ్మా, ఇలా రా… నీతో కాదురా, ఇక్కడ ఫెర్రీలో పనిచేసే అమ్మాయితో… అమ్మా, నీ ఫోన్‌లోంచి ఎమర్జెన్సీకి చెయ్యి. ఇల్లు లైట్‌హౌస్ రోడ్డు మీద, చివరి మలుపులో. హీటర్ విషవాయువు లోపలే నిండిపోయిందని చెప్పు, మనిషి నిద్రలో ఉంది. తర్వాత ఈ నంబరుకి చెయ్యి, మోగుతూనే ఉండనీ, లేస్తుందేమో.

లైల్. ఆ హోటల్ గుమ్మంలో నిలబడితే ఆ ఇంటి కప్పు కనపడుతుంది. వెళ్ళు.

…

వెళ్ళవా?

…

నేను పన్నిన వలా? నిన్ను షెరిఫ్‌కి పట్టివ్వడానికి, పడవలో కూర్చుని, ఇంత కథ అల్లానా? టోపీ మాట ముందు ఎత్తింది నువ్వా నేనా?

…

ఫైర్ బండి దీవి దక్షిణపు కొసన ఉంది. దాన్ని నడిపేది జీతం లేని వాలంటీర్లు, బంగాళదుంప చేలల్లోంచీ పళ్ళ డాక్టరు గదిలోంచీ పరిగెత్తుకొచ్చి ఎక్కాలి. నీకు తెలియదా? నువ్వూ ఒకప్పుడు ఎక్కినవాడివేగా, క్రమశిక్షణ లేదని తీసేసేదాకా.

…

తిట్టు. ఎంతైనా తిట్టు. కూర్చుని తిట్టకు, పరిగెడుతూ తిట్టు.

…

సరే, నీకు భయమని ఒప్పుకో. ఫోన్ ఆ హోటల్ వంటావిడకివ్వు. మోకాళ్ళ నొప్పులతోనైనా ఆవిడ వెళ్తుంది… ఇవ్వు, ఇస్తావా లేదా? ఆ దీవిలో పుట్టిన మగాడికి చేతకాని పని—

కుర్చీ పడిందా? పడనీ. పరిగెత్తు.

…

ట్రక్కులో కడ్డీ ఉందా? తెచ్చుకో… ఆ టోపీ ఎందుకురా ఇప్పుడు, కడ్డీ!

…

ఏమ్మా? ఎత్తట్లేదా? మళ్ళీ చెయ్యి. ఆపకు.

…

తలుపు వేసే ఉంటుంది. తాళంచెవి… నా జేబులో ఉంది. తిట్టు, ఇందాకటి కంటే గట్టిగా తిట్టు. ఆ తలుపు జోలికి మాత్రం పోకు, అది ఇనుపది, నువ్వూ నేనూ కలిసి బిగించాం, ఊడిరాదు. తూర్పు వైపు పడకగది కిటికీ. ప్లాస్టిక్ చింపు… పిలువు ఆవిణ్ణి. గట్టిగా కేకెయ్.

…

పలకకపోతే గాజు పగలగొట్టు… నా కొత్త చట్రం సంగతి నాకు చెప్తావేంట్రా, పగలగొట్టు!

…

విన్నాను. బాగా పగిలింది. ఇప్పుడు మొహం ఇటు తిప్పి, బయటి గాలి గుండెల నిండా పీల్చి బిగబట్టు. లోపల పీల్చకు. ఫోన్ చొక్కా జేబులో పెట్టు, కట్ చెయ్యకు. ఆవిడ చంకల కింద చేతులు వేసి ఈడ్చుకురా. ఎత్తడానికి చూడకు. దొరసానిలా మొయ్యక్కర్లేదు.

వెళ్ళు.

…

…

లైల్?

…

అమ్మా, వాళ్ళు ఎందాకా వచ్చారు?… ఇంకా వాగు వంతెన దగ్గరేనా? ఈ పడవని కాస్త తొందరగా పోనివ్వమని మీ కెప్టెన్‌తో చెప్పలేవా?… తెలుసమ్మా. తెలుసు. ఊరికే అడిగాను.

లైల్. ఒరేయ్. ఏదో ఒకటి అను.

…

లైల్, నాకు మంచం చప్పుడు వినపడింది, ఆ తర్వాత ఏమీ వినపడటం లేదు. నువ్వు కూడా పడిపోయావంటే నీ సంగతి చెప్తాను. వింటున్నావా? వచ్చి నీ చెంప మీద… తమ్ముడూ. పలకరా.

…

…

దగ్గు! దగ్గు, ఇంకా దగ్గు. బయటే ఉన్నావా? గడ్డి మీదా? ఆవిడ?

…

ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడు… వస్తోందా? నిజంగా వస్తోందా, నీకు అనిపిస్తోందా?… సరే. పక్కకి తిప్పు. భుజం పట్టి కుదుపు, పేరు పెట్టి పిలుస్తూ ఉండు, నిద్రలోకి జారనివ్వకు. నీ కోటు తీసి కప్పు.

…

వాంతి చేసుకోనీ. నీ బూట్ల మీదైతే ఏం, కడుక్కుంటావు.

…

ఏమందీ? మళ్ళీ చెప్పు… "వీణ్ణి నా గేటు లోపలికి ఎవరు రానిచ్చారు" అందా? ఆ మాటే అందా?

అమ్మా, బతికింది. తిడుతోంది. ఇంక ఆ నంబరుకి చెయ్యక్కర్లేదు.

…

ఎక్కడికి? మళ్ళీ లోపలికెందుకు?… హీటర్ ఆర్పడానికి లోపలికి పోనక్కర్లేదు, గ్యాస్ ట్యాంకు ఇంటి వెనక ఉంది, దాని మూత ఎత్తితే వాల్వు కనపడుతుంది, తిప్పి కట్టెయ్. కట్టేసి వచ్చి ఆవిడ పక్కనే కూర్చో.

…

కట్టేశావా. సరే.

ఇప్పుడు ఒక మాట చెప్పు. టోపీ నీ ట్రక్కులో ఉందని నీకెప్పుడు తెలిసింది?

…

ఇవాళ కాదు. నిన్నటి నుంచి ఈ ఫోన్ చెయ్యడానికి ఎదురు చూశానని ఇందాక నువ్వే అన్నావు. నిన్న నేను నిచ్చెన మీద ఉండగా ఎవరో హారన్ కొట్టి, చెయ్యి ఊపి పోయారు. ఎండ కళ్ళల్లో పడి ట్రక్కు పోల్చుకోలేదు. తిరిగి చెయ్యి ఊపాను కూడా. నువ్వేగా?

…

నువ్వే. అప్పటికి గొట్టం మీదికి రెండు వరసలే ఎక్కాయి. ట్రక్కు ఆపి "అక్కా, షీటు కింద గొట్టం ఉంది" అంటే రెండు పలకలు పీకేవాళ్ళం. నువ్వు ఆపలేదు. పైకొస దాకా ఎక్కించనిచ్చావు. ఆఖరి వరస పడితే కానీ నాకు మొత్తం ఊడదీసే శిక్ష పడదు. అందుకు ఆగావు.

…

ఇల్లు ఖాళీ అనుకున్నావు. సరే, నమ్ముతాను. నేనూ షీటు వెనక ఏమీ లేదనుకున్నాను. పాత గోడ మీద ఆ టోపీని రోజూ చూసినదాన్ని. టోపీ పెట్టందే పక్క పలక ఎక్కించకూడదని నీకు నేర్పినదాన్ని. నీకు ఫోన్ చేసి ఒక్క మాట అడగడానికి నాకు నామోషీ అయింది. మనిద్దరి అనుకోవడాల మధ్య ఆవిడ పడుకుంది.

…

వద్దు. నా చెవిలో ఏడవకు. ఇక్కడ ఇంజను మోతకి వినపడదు. ఆవిడకి చెప్పుకో.

…

ఎవరొచ్చారు?… షెరిఫ్ ఆఫీసు డిప్యూటీయా? చేతులెత్తమంటున్నాడా? మరి అనడా? రావద్దన్న ఇంట్లో నువ్వు, చేతిలో కడ్డీ, కిటికీ ముక్కలు, ఆవిడ గడ్డి మీద. ఎత్తు. కడ్డీ కింద పడేసి ఎత్తు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచు.

డిప్యూటీ గారూ! వినపడుతోందా? మారిట్ హాగ్లండ్‌ని, వాడి అక్కని. కిటికీ పగలగొట్టమన్నది నేను… ముందు ఆవిడ సంగతి చూడండి, ఆంబులెన్స్ వచ్చిందా?… ఆక్సిజన్ పెట్టారా. మాట్లాడుతోందా… హమ్మయ్య.

…

చెప్తాను, రాసుకోండి. పొగగొట్టం ఉన్న గోడని చూసుకోకుండా మూసింది నేను. మూస్తుంటే చూసి, చెప్పకుండా చెయ్యి ఊపి పోయింది మా తమ్ముడు. లైల్, నువ్వు అడ్డు రాకు! నన్ను కాపాడమని నిన్నెవడూ అడగలేదు… వాడి మాట రాయకండి సార్. ఇద్దరి పేర్లూ రాయండి. నాది ముందు.

…

ఎక్కడికి పారిపోతాను? ఒడ్డు కనపడుతోంది. బండి దించగానే అక్కడికే వస్తాను. వచ్చాక మీరేం చేసినా సరే కానీ, ముందు ఆ గోడ ఊడదియ్యాలి. ఇంకో మనిషి ఆ ఇంట్లో హీటర్ ముట్టించేలోగా.

…

ఒక్కదాన్ని ఎలా తీస్తాను? అవి పన్నెండడుగుల పలకలు, ఒక్కరు పట్టుకుంటే మధ్యకి విరుగుతాయి. మా మనుషులకి ఇవాళ సెలవు. అందుకే వాణ్ణి అక్కడి నుంచి కదలనివ్వకండి. నాతో మాట్లాడక్కర్లేదని చెప్పండి, నేనూ మాట్లాడను. రెండో కొస పట్టుకుంటే చాలు.

ఒడ్డు వచ్చింది, బండ్లు కదుల్తున్నాయి. పెట్టేస్తున్నా.