ఈచమ్ సరస్సుకు ప్రదక్షిణ

ఇలా దగ్గరికి రామ్మా, చెబుతాను. పక్షవాతం నుంచి కోలుకుంటున్న జనార్దనరావుని భార్య శారదాంబ క్వీన్స్‌లాండ్‌లోని ఈచమ్ సరస్సుకి తీసుకెళ్ళింది. చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నిండిన నీళ్ళవి. చుట్టూ మూడు కిలోమీటర్ల కాలిబాట.

"సగమైనా కాలేదు. కారు దగ్గరికి పోదాం, శారదా."

"ప్రదక్షిణ మొదలెట్టి వెనక్కి తిరుగుతారుటండీ?"

"ఇదేమన్నా గుడా?"

"నీళ్ళు మీ కుడిచేతి వైపే ఉండేట్టు నడిపిస్తున్నాను, చూళ్ళేదూ?"

"ఓసి నీ తెలివీ! ముందే ప్లానేశావన్నమాట."

"చెయ్యి పట్టుకోనా?"

"వద్దు. కర్ర చాల్లే."

చుట్టంతా తిరిగొచ్చి కారు కనబడ్డాక ఆయన ఆగాడు.

"రేపు వెళ్ళే బారీన్ సరస్సు చుట్టూ ఎన్ని కిలోమీటర్లు?"

"అయిదు."

"మధ్యలో వెనక్కి పోదామంటాను. వినకేం."

మంచం దిగడానికి జంకేవాళ్ళు కనిపిస్తే ఈ మాట గుర్తుపెట్టుకుని చెప్పమ్మా.