మూడు కళ్ళ రేసర్

వీడియో గేములు తయారుచేసే ఆ ఆఫీసుకు ఆ రోజు ఉద్యోగుల ఇంట్లోవాళ్ళను రానిచ్చారు. గేముల్లోని బొమ్మలు గీసే అమ్మాయి పక్కన వాళ్ళమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. తెరమీద ఆకుపచ్చ గ్రహాంతరవాసి ఒకడు గాల్లో తేలే కారును ఉరికిస్తున్నాడు.

“వీడి మొహం మండ! పక్క కారును లోయలోకి తోసేశాడేంటే?”

“వాడంతేనమ్మా. నాలుగు గేముల్నుంచీ జాలీ దయా లేకుండా అలాగే గెలుస్తున్నాడు.”

“నెత్తిమీద మూడో కన్నెందుకే?”

“వెనక ఎవరేం చేస్తున్నా కనిపెట్టడానికి.”

“తోసేముందు అరవడా, తిట్టడా?”

“నోరే విప్పడు. ఊరికే ఒక కనుబొమ్మ ఎత్తి చూస్తాడు. అంతే, అవతలివాడి చేతిలోంచి స్టీరింగ్ జారిపోతుంది.”

“మరీ చెప్తావు!”

“నిజమమ్మా. మొదటిసారి చూసినప్పుడు మా మేనేజరంతటివాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.”

“ఇంతకీ ఆ చూపు ఎక్కడ దొరికింది నీకు?”

“ఎక్కడా లేదు. ఊహించి గీశాను.”

“ఏదీ, ఆ వీడియో మళ్ళీ వెయ్యి.”

“చూశావుగా. పద, కాఫీ తాగుదాం.”

“కాఫీ ఎక్కడికీ పోదు. వెయ్యమన్నానా?”

కూతురు వెంటనే మళ్ళీ వేసింది. తల్లి కళ్ళజోడు సర్దుకుని చివరిదాకా చూసింది.

“బానే ఉన్నాడు. మూడో కన్ను కూడా సరిపోయింది. కానీ ఒక తప్పు గీశావు.”

“ఏంటమ్మా?”

“ఎత్తాల్సింది ఎడమ కనుబొమ్మ కాదు, కుడిది.”

“అది... నీకెలా తెలుసు?”

“ఇటు తిరుగు, చూపిస్తాను.”

కూతురు తిరిగి చూసింది. చేతిలోంచి మౌస్ జారిపోయింది.