కొంగలు వాలిన బానెట్

పదకొండు గంటలకు కర్నూలు బస్సు మైదుకూరికి వస్తుంది. అందులో నుంచి వియ్యంకుడు రాఘవేంద్రప్రసాద్ దిగుతాడు. దిగి, తన కారు తాను తీసుకుని ఇంటికి తిరిగిపోతాడు. ఇప్పుడు పది దాటింది. నాగసుబ్బయ్య నాలుగోసారి గడియారం చూసుకున్నాడు. ఓబులేసు మూడో టీ చెప్పినాడు.

కారు నాగసుబ్బయ్యది కాదు, అదే వచ్చిన చిక్కు. మహానందికి పోయివస్తామంటే వియ్యంకుడు, "బస్సుల్లో ఎందుకు బావా అగచాట్లు, నా బండి తీసుకపో" అని, కొని ఆరునెలలన్నా కాని నల్లకారు తాళం చేతిలో పెట్టినాడు. పోయినారు, వచ్చినారు, చిన్న గీత కూడా పడలేదు. అట్లే ఇచ్చేసి ఉంటే సరిపోయేది. ఇచ్చినప్పటి కంటే తళతళలాడేట్లు చేసి తిరిగి ఇస్తే ఎంత బాగుంటుందో అని నాగసుబ్బయ్యకు ఒక మంచిబుద్ధి పుట్టింది. మంచిబుద్ధి పుట్టినప్పుడే మనిషికి ఇన్ని తిప్పలు ఎందుకు వస్తాయో ఏమో.

ఓబులేసు నాపబండలకు పాలిష్ పట్టేవాడు. ఊర్లో సగం ఇళ్ళ నేలలు అతని చేతిమీదే మెరిసినాయి. "బండకు పట్టేటోన్ని, రేకుకు పట్టలేనా" అని బండల అంచులు తీసే చేతిమిషను తెచ్చి, నిన్న మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న కారు మీద పెట్టి అదిమినాడు. మిషను ఆపేసరికి బానెట్ నిండా సాలెగూడు మాదిరి సుడులు. వెలుతురు పడితే చాలు, గుండ్రంగా లేచి కనపడుతున్నాయి. ముందు అంచున అరచెయ్యంత మేర నలుపే లేచిపోయి, అడుగున ఉన్న తెల్లపూత బయటపడింది.

పెయింటర్ బసవరాజు వచ్చి చూసినాడు. "సుడులు నేను తీస్తాలే అన్నా. మెత్తని మందు, మెత్తని స్పాంజి, నిదానంగా పట్టల్ల. ఆ తెల్లమచ్చ మాత్రం ఏ పాలిష్‌కూ రాదు. ఆడ రంగే ల్యాకపాయ గదా. బానెట్‌కంతా మళ్ళ రంగు కొట్టల్ల. మూడు దినాలు" అన్నాడు.

"మూడు దినాలు ఎందుకప్పా? పొద్దున్నే నేనే సరిచేస్తా" అన్నాడు ఓబులేసు.

నాగసుబ్బయ్య రెండోసారి కూడా అతన్నే నమ్మినాడు. కూతురు రమ్యశ్రీ వియ్యంకుని ఇంటి కోడలు. కారు ఇట్లా పోతే ఆ ఇంట్లో పెద్దా చిన్నా 'మీ నాయన ఉండాడే' అని మాట మొదలుపెట్టినప్పుడల్లా ఆ పిల్ల తల దించుకోవాలి. నమ్మక ఏం చేస్తాడు.

ఇప్పుడా కారు బస్సులు ఆగేచోట, ఓబులమ్మ టీ అంగడి పక్కన రేకుల నీడలో, పాత దుప్పటి కప్పుకుని ఉంది. అంగడి ముందరి నాపబండ మీద ఓబులేసు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"పని అయిపోయిందంటివి గదా. దుప్పటి తియ్యి, చూస్తా" అన్నాడు నాగసుబ్బయ్య.

"ఆరతాండాది అప్పా. ముట్టొద్దు."

"ఏం ఆరతాండాది?"

"నీకు కమలాపురం జీపు సంగతి చెప్పినానా?" అన్నాడు ఓబులేసు.

చెప్పలేదని ఎవరూ అనకముందే మొదలుపెట్టినాడు.

"పోయిన ఎండాకాలం. కమలాపురంలో ఒక పెద్దరైతు జీపు. ఎవడో చేతగానోడు మిషను పెట్టి ఇట్లనే సుడులు చేసిపెట్టినాడు. నన్ను పిలిపిచ్చిరి. పోయినా. గుడ్డముక్క, రొంత మందు, అర్ధగంట. సుడులు యాడికి పాయనో పాయ."

ఇంతవరకు నమ్మొచ్చు. నాగసుబ్బయ్యకు కాస్త ప్రాణం లేచి వచ్చింది కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెల్సునా? ఆ మెరుపు అట్లాంటిట్లాంటి మెరుపు కాదు. వాళ్ళింట్లో ఆడోళ్ళు అద్దాలు మూలనేసి, బానెట్ ముందర నిలబడి జడలేసుకుంటాండిరి. మంగలాయన కుర్చీ తెచ్చి జీపు పక్కనే అంగడి పెట్టె."

"జీపు యాడికన్నా బయల్దేరితే సగం గడ్డాలోళ్ళు దాని ఎంబడి పరిగెత్తిరా?" అన్నది ఓబులమ్మ, పాలు తిరగబోస్తూ.

"నువ్వు నవ్వుతావు గానీ ఓబులక్కా, పరిగెత్తినారు. అది అట్లుండనీ. ఒకనాడు ఆ జీపును పొలంలో నిలబెట్టినారు. పైన పోతాండే కొంగలు చూసినాయి. ఈ ఎండల్లో నీళ్ళు యాడివని వాటికీ అనుమానమే. రెండు చుట్లు తిరిగినాయి. తిరిగి, దిగినాయి. బానెట్ మీద ఒంటికాలితో నిలబడి చేపల కోసం చూస్తాండాయి."

"ఓబులేసూ, పదిన్నర అయ్యింది" అన్నాడు నాగసుబ్బయ్య.

"వస్తాండా అప్పా, ఆడికే వస్తాండా. కొంగలు దిగినాయంటే నీళ్ళున్నట్లే గదా. బర్రెలు వచ్చినాయి. బర్రెల ఎనక వలలు భుజానేసుకోని చేపలోళ్ళు వచ్చిరి. ఒకడు వల ఇసిరె కూడా."

బస్సు కోసం కూర్చున్న వీరభద్ర అనే రైతు ముందుకు వంగినాడు. అతని బోరు ఎండిపోయి రెండేండ్లయింది. నీళ్ళ మాట వింటే చెవి అటే పోతుంది. "ఏమన్నా పడినాయా?"

"రెండు వైపర్లు పడినాయి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? మాట యాడెక్కడికో పాకె. కాలవల ఇంజనీరు టేపు పట్టుకోని దిగె. బానెట్ పొడుగు కొలిచె, అడ్డం కొలిచె, ఇన్ని నీళ్ళకు ఇన్ని ఎకరాలని రాసుకునె. ఇంగ చూస్కో. నీళ్ళు మాకు ముందు ఇడవల్లని కిందూరోళ్ళు, కాదు మాకేనని పైయూరోళ్ళు. కట్టెలు లేచె. ఎస్సై వచ్చి జీపు చుట్టూ నలుగురు పోలీసోళ్ళను పెట్టె. ఆఖరికి పంచాయితీలో తెగ్గొట్టిరి. ఎడమ డోరు కిందూరికి, కుడి డోరు పైయూరికి."

"వరి ఏసిరా, బుడ్డశెనక్కాయ ఏసిరా?" అన్నాడు వీరభద్ర.

"వరే."

నాగసుబ్బయ్య తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు. "ఓబులేసూ, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ దుప్పటి తియ్యి."

"తీస్తాలేప్పా. ఒక్క ముక్క ఉండాది. ఇదంతా పైనుంచి ఒక మబ్బు చూస్తాండె. చూసి, వంగి, తన మొగం ఆ బానెట్లో చూసుకునె. ఇంత తెల్లగా, ఎండిపోయి ఉండానే అని దానికి సిగ్గేసి, చక్కగా సముద్రానికి పోయి, కడుపునిండా తాగి, నల్లగా తయారై వచ్చి ఆ జీపు నెత్తినే కురిసె. మూడు దినాలు. కమలాపురంలో ఎండాకాలం మూడు దినాలు వాన ఎవురన్నా చూసినారా? అది నా పాలిష్‌కు కురిసిన వాన."

వీరభద్ర ఆకాశం వైపు చూసినాడు, పాపం.

ఓబులమ్మ గ్లాసులు కడుగుతూ తలెత్తింది. "కొంగల సంగతి నాకు తెల్దు గానీ ఓబులేసూ, మన దుప్పటి మీద మాత్రం ఈగలు వాలతాండాయి."

అందరూ అటు తిరిగినారు. నిజమే. దుప్పటి మీద నల్లటి తడి మరక పాకుతోంది, దాని చుట్టూ ఈగలు. నాగసుబ్బయ్య లేచి పోయి దుప్పటి లాగినాడు.

ఒక్క క్షణం ఆయన గుండె నిండిపోయింది. సుడులు లేవు. తెల్లమచ్చ లేదు. బానెట్ నల్లగా నిగనిగలాడుతోంది. చేయి ఊరుకోక వేలు ఆనించినాడు. వేలు నల్లగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నలభై ఏండ్లుగా నూనె అంగడి నడుపుతున్న ముక్కు అది.

"శెనక్కాయ నూనె" అన్నాడు. "గానుగది. మొన్న ఆడించింది. నా అంగడిదే."

ఓబులేసు టీ గ్లాసులోకి చూసినాడు.

"పొద్దున దోసెలకని నా చేతనే కొలిపించి పోయించుకుంటివి కదరా నాయనా. దీంట్లో దీపం మసి కలిపినావు."

"బండకైతే అట్లనే చేస్తామప్పా. పాలిష్ తేలకపోతే నూనె, మసి పట్టిస్తాం. నల్లగా తేల్తాది."

"బండను ఎంత అరగదీసినా లోపల బండే ఉంటాది ఓబులేసూ. దీనికి నలుపు పైపైనే గదా."

ఓబులమ్మ సబ్బు కలిపిన వేన్నీళ్ళు చెంబుతో తెచ్చి బానెట్ మీద పోసింది. మసి చారికలుగా కిందికి కారింది. సుడులన్నీ ఒక్కటొక్కటే లేచినాయి. ముందు అంచున తెల్లమచ్చ నిన్నటి కంటే తెల్లగా కనపడింది.

వీరభద్ర చాలాసేపు చూసినాడు. "చెంబెడు నీళ్ళే నిలబడలేదే. కొంగలు యాడ నిలబడె?" అన్నాడు.

బస్సు హారన్ వినపడింది.

"మహానందిలో కోతులు గీకినాయని చెప్పప్పా" అన్నాడు ఓబులేసు మెల్లగా.

"ఎన్ని కోతులంటాడు. ఎన్నని చెప్పల్ల?"

"ఒక పది..."

"పదితో నీకు సాలదు. సాయంత్రానికి కొండంతా దిగొస్తాది." నాగసుబ్బయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని బస్సుకు ఎదురుపోయినాడు.

దిగిన వియ్యంకునికి జరిగింది జరిగినట్లు చెప్పినాడు. మంచిబుద్ధి పుట్టడం, బండల మిషను, బసవరాజు మాట వినకపోవడం, శెనక్కాయ నూనె. ఒక్క మాట పెంచలేదు, ఒక్కటి దాచలేదు. రాఘవేంద్రప్రసాద్ కారు చుట్టూ తిరిగినాడు. తెల్లమచ్చను బొటనవేలితో ఒకసారి రుద్ది చూసినాడు.

"బసవరాజు దగ్గరే పెట్టు బావా" అన్నాడు చివరికి. "మూడు దినాలు మీ ఇంట్లోనే పడుంటా, ఏం చేస్తాం. రమ్యశ్రీకి ఫోన్ చేసి నేనే చెప్తాలే. నువ్వు చెప్తే ఏడుస్తాది."

అని వచ్చి, అలసిపోయి అంగడి ముందరి బండ మీద కూలబడినాడు. కూర్చుని కిందికి చూసి, అరచేత్తో బండను ఒకసారి నిమిరినాడు. ఐదేండ్లుగా ఊరంతా కూర్చుని లేస్తున్న బండ అది. ఆయన మొగం దాంట్లో తేటగా కనపడుతోంది.

"ఈ పాలిష్ ఎవరు పట్టినారమ్మా?"

ఓబులమ్మ ఓబులేసు వైపు చూసింది. వీరభద్ర చూసినాడు. నాగసుబ్బయ్య కూడా చూసినాడు, ఇంకా కోపం తగ్గకుండానే.

ఓబులేసు ఖాళీ గ్లాసు అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు.

"చెప్పు ఓబులేసూ" అన్నది ఓబులమ్మ. "ఇదొకటి నిజమే గదా."