పెంచలయ్య చేతులు

పెంచలయ్యని ఒకాయన ఉండె చిట్వేల్లో, టాక్సీ తోలేవాడు. పాత తెల్లకారు. నన్నన్నా మర్చిపోతాడు గానీ దాన్ని తుడిచేది మర్చిపోడు అనేదంట పెండ్లాం నాగసుబ్బమ్మ. రాపూరు కనుమ తెలుసు గదా మీకు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఆ కనుమలో ఆయప్ప బండెక్కితే ముసిలోళ్లు గూడా నిద్రపోతారు, అంత నిదానమనుకో. అట్లాంటి బండి ఏమైందంటే, ఉన్నట్టుండి ఊగులాడబట్టింది. నేరుగా పోతా పోతా ఎడం పక్కకి జరుగుతాది, ఈయన సరిచేసుకుంటాడు, మళ్లా జరుగుతాది. మలుపొస్తే పడవ మాదిరి ఒరుగుతాది. ఒకనాడు పెండ్లోళ్లని తీసకపోతా ఉంటే ఎనక కూర్చున్న పెద్దాయన, పాపం పెంచలయ్యకి చేతులు పట్టు తప్పినట్టుండాయి, వయసైపోయింది గదా, అన్నాడంట. ఆయన ఊరికే అన్నాడు. ఈయనకి మాత్రం ఆ మాట పోయి లోపల కూర్చుండె.

ఎందుకంటే, వాళ్ల నాయనకి చివర్లో వణుకురోగం. గ్లాసెత్తితే సగం నీళ్లు మీదనే పోసుకునేవాడు, కొడుకే పట్టి తాగించినాడు. అదే నాకొచ్చింది అనుకున్నాడు ఈయన. ఎవురూ లేనప్పుడు చేతులు ముందరికి చాపి చూసుకుంటాడంట. మొదట వణకవు. చూసేకొద్దీ వణికినట్టే ఉంటాది. మీరూ చాపి చూసుకోండి, మీకూ అట్లే ఉంటాది. మెకానిక్కు దగ్గిరికి పోవచ్చు గదా అంటారేమో. రాపూర్లో దస్తగిరి షెడ్డు ఉండనే ఉంది, చిన్నప్పటి స్నేహం. అయినా పోలా. దస్తగిరి చూసి, బండి బాగుందన్నా అంటే? అప్పుడింక చెడిపోయింది ఈయనే గదా. ఆ మాట ఇనే ధైర్యం లేక పోలా. పిల్లల్ని ఎక్కించుకునేది మానేసినాడు. కనుమ బేరమొస్తే జ్వరమని అబద్ధం చెప్తాడు.

అందర్నీ తప్పించుకున్నాడు గానీ మునెయ్యని తప్పించుకోలేడు గదా. మునెయ్య టైలరు. కిడ్నీలు చెడి, వారం వారం నెల్లూరికి పోయి రక్తం శుద్ధి చేయించుకోవాల. ఎప్పుడూ పెంచలయ్య బండే. ఇంక ఇంకోర్ని చూసుకో మునెయ్యా అని ఈయన అంటే, ఆ మనిషి ముఖం చిన్నబోయిందంట. నేనేమన్నా తప్పు మాట్లాడినానా, అన్నాడు. లేదురా నాయనా, అన్నాడీయన. మరి ఎందుకు వద్దంటావు? ఆ రోగం సంగతి బయటపెట్టలేక, సరే ఎక్కు, అన్నాడు. ఆ వారం మునెయ్య పెండ్లానికి ఒంట్లో బాగలేక, తోడుగా నాగసుబ్బమ్మని పొమ్మని అడిగె ఆయమ్మ. నాగసుబ్బమ్మ ముందర కూర్చుండె, మునెయ్య ఎనక సీట్లో తల వాల్చి పండుకున్నాడు.

కనుమ దిగతా ఉండారు. మలుపులో లారీ ఎదురొచ్చింది. ఈయన బ్రేకు తొక్కినాడు. తొక్కేతలికి బండి ముక్కు కిందికేసి, ఎడం పక్కకి లాక్కోనిపోయింది చూడు, పిట్టగోడకి జానెడు దూరంలో నిలబడింది. లారీ పోయింది. పెంచలయ్య దిగి పోయి ఆ గోడ మీద కూర్చున్నాడు. నా పని అయిపోయింది మే, అన్నాడు పెండ్లాంతో. నాయన రోగం నాకొచ్చింది. ఈ మనిషిని చంపేసి ఉంటిని.

నాగసుబ్బమ్మ దిగొచ్చింది. ఆయమ్మ ఏడవలా, అరవలా. ఈ నెలంతా నువ్వు చేతులు చూసుకునేది నేను చూస్తానే ఉండా, అందుకే ఈ పొద్దు రోడ్డు చూడలేదు, నీ చేతులే చూసినా, అనింది. లారీ వచ్చినప్పుడు గూడా నీ చేతులు యాడుండేటియి ఆడ్నే ఉండాయి. చెయ్యి కదల్లా. బండే పొయ్యింది. ఈయన నమ్మలా. నా మనసు నొచ్చుకోకూడదని అంటా ఉండావు, అన్నాడు. అప్పుడు మునెయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, నేనొకటి చెప్పనా పెంచలన్నా, నేను పండుకోనుంటాను గదా, గుంత వచ్చినప్పుడల్లా ముందర ఎడంచక్రం కాడ టక్కుమంటాది, ఎండాకాలంలో లేదు ఆ చప్పుడు, ఈ మధ్యనే మొదలైంది, అన్నాడు. మరి ఇన్నాళ్లూ చెప్పలేదే అంటే, నీ బండి సంగతి నీకు తెలీదా అనుకున్నాను, అన్నాడు.

మెల్లగా, నడిచేవాళ్లు దాటిపోయేంత మెల్లగా దిగి, దస్తగిరి షెడ్డుకి చేరినారు. దస్తగిరి బానెట్టు ఎడం మూలన చేత్తో గెట్టిగా ఒత్తి వదిలినాడు. బాగుండే బండైతే పైకొచ్చి నిలబడాల. ఇది ఉయ్యాల మాదిరి ఊగతానే ఉంది. షాకబ్జారు పోయిందన్నా, ఆయిలంతా కారిపోయింది చూడు, అన్నాడు. టైరు లోపలి అంచు తడిమినాడు, ఒక పక్కే అరిగి నున్నగా ఉంది. జాకీ ఎత్తి, చక్రం మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఆడించినాడు. టక్కు. ఇదే, ఇదే చప్పుడు, అన్నాడు మునెయ్య లోపల్నించి. దా అన్నా, నువ్వు పట్టుకో, అన్నాడు దస్తగిరి. పెంచలయ్య పట్టుకున్నాడు, ఆడించినాడు. టక్కు. చక్రాన్ని పట్టుకోనుండే బాల్ జాయింటు గిన్నెలో గోలీ మాదిరి ఆడతా ఉంది, రబ్బరు బుష్షులు పగిలి పిప్పైపోయినాయి, ఇట్లుంటే చక్రం తనిష్టం వచ్చినట్టు పోతాది, ఎవురు తోలినా ఇంతే, అన్నాడు దస్తగిరి. ఈయన ఆ చక్రాన్ని వదల్డే. మళ్లా ఆడిస్తాడు, మళ్లా ఇంటాడు. కండ్లల్లో నీళ్లు కారతా ఉండాయి, ముఖాన నవ్వు.

ఇంతకీ మునెయ్యకి పొద్దెక్కిపోతా ఉంది గదా. నా జీపు తీసకపో అన్నా, అని దస్తగిరి తాళాలిచ్చినాడు. ఈయన వెనకాడినాడు, ఇంకెవుర్నన్నా పంపియ్యి అన్నాడు. మునెయ్య ఆ మాట ఇననట్టే పోయి జీపులో పండుకున్నాడంట. ఇంకేం చేస్తాడు, ఎక్కినాడు. రాపూరు దాటినాక, నేరుగా ఉండే రోడ్డు మీద, స్టీరింగు ఊరికే పట్టుకుని చూసినాడు. జీపు గీత గీసినట్టు పోతా ఉంది. ఏమే, చూస్తా ఉండావా, అన్నాడు పెండ్లాంతో. ఆయమ్మేమో, ఊరుకో, రోడ్డు చూసి తోలు, అనింది.

ఆ పొద్దు మునెయ్య నెల్లూరు దాకా గురక పెట్టినాడంట. బండికైతే జాకీ ఉంది, ఎత్తి చూస్తే తెలుస్తాది. మనిషికి యాడ పెడతావు జాకీ? పక్క సీట్లో కూర్చుని చూసేవాళ్లు ఒకరుండాల, అంతే. అయితే ఒకటి, ఆ రోజు నించీ నాగసుబ్బమ్మ ముందర సీటు వదల్లేదు, బ్రేకెప్పుడు తొక్కాల్నో గూడా ఆయమ్మే చెప్తాదంట. దానికి మాత్రం దస్తగిరి దగ్గిర గూడా రిపేరు లేదు.