మనుమరాలి బండికి సర్వీసింగ్

రెండు వేల ఇరవై అయిదు, ఎండాకాలం. నా కోడలు అనూషకు రెండో కాన్పు. మొదటిది తల్లిగారింట్ల, పరకాలల అయింది, ఇది మా ఇంట్ల కావాలె. వియ్యపురాలు మొగిలమ్మ ముందే చెప్పింది: చంటిపిల్లకు మా ఇంట్ల సరైన ఏర్పాటు లేకుంటే తల్లీపిల్లలను పరకాల తోల్కపోతనని. పెద్దమనుమడు తిరిగిన పాత పాప బండి ఉన్నది, కడిగించి, సర్వీసింగ్ చేయించి తెస్తనని నేను మాటిచ్చిన.

తెచ్చిన. వరంగల్ల దవాఖాన ఎదురుంగ సుదర్శన్ చాయ్ హోటల్ ముందట నిలబెట్టిన. లోపట కోడలికి నొప్పులు. కూసుంట, లేస్త, గేటు దిక్కు చూస్త, మళ్ల కూసుంట. చాయ్ చల్లారిపోయింది. ఆటో రమాకాంత్ బండిని చూసి కొత్తదా కాకా అన్నడు. నోటికి పని దొరికింది.

"పాతదే బిడ్డా. నేనే కడిగిన. సర్ఫు నీళ్లు పోసి రుద్దుతాంటే నురగ లేస్తాంది, లేస్తాంది, గడప దాటింది, బజారు నిండింది. పక్కింటి యమున బర్రె అండ్లకు పోయి అవుతలికి తెల్లగ ఎల్లింది."

"ఆవనుకొని బొట్టు పెట్టలేదా?"

"పెట్టిండ్రు. ఇగ గిరకలకు గ్రీజు పెట్టిన. చిటికెన వేలుతోటి జర తాకిన్నో లేదో, బండి ఖమ్మం రోడ్డు పట్టింది. ఎన్క నేను ఉరుకుడు. వర్ధన్నపేట కాడ ఆర్టీసీ బస్సును దాటింది, కండక్టర్ తల బయటపెట్టి నన్ను టికెట్ అడుగుతాండు. అటెన్క ఏమైందో ఎర్కేనా?"

గేటు కాడ నర్సు కనబడ్డది. లేచిన. మా కోసం కాదు. కూసున్న.

"ఏమైంది కాకా?" అన్నడు రమాకాంత్.

"అందుకొని బ్రేకు ఏసిన. నేను ఏయించిన బ్రేకు ఎసొంటిదంటే, బండి ఆగింది గని కింద రోడ్డు ఆగలే, ముందటికి జారింది. వర్ధన్నపేట వరంగల్లుకు జర దూరమైంది, కావాలంటే పోయి చూడు. ఎండ కొడుతాందని బండి గొడుగు విప్పిన. గాలి దూరింది. బండి లేచింది, పిడి పట్టుకొని నేనూ లేచిన. ఖిల్లా తోరణాలు కింద అగ్గిపెట్టెల లెక్క కనబడుతానయ్. ఒక గద్ద వచ్చి బండ్ల కూసున్నది. మెత్తగున్నదని దిగుతలేదు. దాన్ని బతిమిలాడి దించి, గొడుగు మడిచి, సక్కగ ఈ హోటల్ ముందట దిగిన."

సుదర్శన్ గిలాసలు కడుగుతాండు. గప్పుడే మొగిలమ్మ గేటు దాటి వచ్చింది. మొఖం అలిసి ఉన్నది, నవ్వుతాంది.

"ఆడపిల్ల అన్నా. ఇద్దరూ మంచిగున్నరు."

బండిని ఆమె ముందటికి తోసిన. బండ్ల పరిచిన మెత్త ఎట్లున్నదో చూద్దామని ఆమె వంగి మొఖం దగ్గర పెట్టింది. తుమ్మింది. మళ్ల తుమ్మింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని నా దిక్కు చూసింది.

"దుమ్ము చెల్లె, రోడ్డు దుమ్ము," అన్న. "చూడు, నేను పెడుత మొఖం."

పెట్టిన. తుమ్ములు ఆగలే. కండ్లల్ల నీళ్లు కారుతాంటే బల్ల పట్టుకొని నిలబడ్డ. బల్ల అవుతలికి రమాకాంత్ కూడ తుమ్ముతాండు.

సుదర్శన్ గిలాస బోర్లించి చిన్నగ అన్నడు: "గద్ద దిగింది గని కాకా, మిరపకాయలు దిగలే. మొన్నటిదాంక మార్కెట్‌కు మిరప బస్తాలు తోలింది ఈ బండి మీదనే గద."

మూడు పంటలు తోలిన మాట నిజమే. గిరకలు అంత మంచిగున్న బండిని ఊకె ఎవరు పెడుతరు? మెత్త మీది బట్టను రెండుసార్లు ఉతికిన. ఆరేసింది మాత్రం మిరపకాయలు ఆరబోసే పట్టా మీద.

మొగిలమ్మ కోపం చెయ్యలే. "బండి మంచిగనే నడుస్తాంది అన్నా," అన్నది. "పిల్ల మాత్రం పరకాల వస్తది."

నేను ఆ మెత్త, ఆ బట్ట తీసేసి కొత్తవి కుట్టించిన. బండి ఇప్పుడు మా అరుగు మీద ఉన్నది, ఎవరు వంగినా తుమ్ము రాదు.

నా మనుమరాలు బోర్లపడ్డది పరకాలల. బోర్లపడ్డందుకు పంచే బొబ్బట్లు, అవే మా బక్షాలు, అక్కడనే పంచిండ్రు.