పాల విరుగు కలం

ఇటలీలోని ట్రియెస్టెలో ఆదివారం భోజనం. బల్ల దగ్గర భార్యాభర్తలు, కూతురు నెరీనా. చిక్కుడుగింజల సూపు చల్లారిపోతోంది.

"ఎండిన సిరా వదలడానికి నా కాఫీ గ్లాసులోనే కలం నానబెట్టాలా? ఇంట్లో ఇంకో గ్లాసే దొరకలేదా?" అంది భార్య.

"నేనెందుకు పెడతాను? నువ్వే పెట్టుంటావు."

"మీ కలాలు ముట్టుకుంటే బతకనిస్తారా నన్ను?"

"ఏదీ, ఇలా తే... అయ్యో, మా నాన్న కలం! పాల విరుగును గట్టిపరిచి చేసిన పాతకాలపు ప్లాస్టిక్కుది. నీళ్ళలో పెడితే ఉబ్బి పగిలిపోతుందే!"

"పెళ్ళైనప్పటి నుంచీ మాకు మీరు చెప్పే పాఠమే కదండీ అది."

"మరి ఎవరు పెట్టారు?"

"నిన్న సాయంత్రం మీరే. నేను చూశాను. అది ఏ కలమో నేను గమనించలేదు."

"నాకు గుర్తులేదు."

"మొన్న పొయ్యి కూడా ఆర్పడం మరిచిపోయి..."

"తెలుసు."

ఆయన చెంచా కింద పెట్టి కూతురి వైపు తిరిగాడు.

"రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమ్మా. ఇక నా కలాలన్నీ మీ అమ్మ దగ్గరే ఉంటాయి. రాసుకుంటానని అడిగితే ఒక్కటి తీసిస్తుంది."